స్పీకర్ గ్రిల్ తీసేస్తే సౌండ్ నిజంగా మారుతుందా?

మారుతుంది, కానీ జనం చెప్పుకునేంత కాదు. గ్రిల్ అంటే స్పీకర్ ముందు పెట్టే కవర్, అందరూ దాని గుడ్డని తిడతారు గానీ ఎక్కువ గొడవ దాన్ని పట్టుకున్న ఫ్రేమ్‌తోనే, ఎందుకంటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సౌండ్ వేవ్ పొడవు 3.4 సెంటీమీటర్లే, అంత చిన్న వేవ్ ఫ్రేమ్ అంచుకి తగిలి చెదిరిపోయి నేరుగా వచ్చే సౌండ్‌లో కలిసిపోతుంది, దాంతో డ్రమ్స్‌లో మోగే సింబల్స్ (ఇత్తడి పళ్ళేలు) లాంటివి కాస్త మసగ్గా వినిపించొచ్చు. బేస్‌కి ఏమీ కాదు, 100 హెర్ట్జ్ వేవ్ దాదాపు 3.4 మీటర్లు, దానికి ఈ ఫ్రేమ్ ఓ లెక్కా! అయితే కొన్ని మోడల్స్‌ని గ్రిల్ ఉంచే ట్యూన్ చేస్తారు, వాటికి తీసేస్తే ట్రెబుల్ (సన్నటి, కీచు సౌండ్లు) చెవిలో గుచ్చుకోవచ్చు, మాన్యువల్ ఓసారి చూసుకోండి. వాల్యూమ్ కదపకుండా ఒకే పాట రెండు రకాలుగా వినండి, కళ్ళు మూసుకుని వేరేవాళ్ళతో తీయిస్తే ఇంకా మంచిది. నేనైతే వినేటప్పుడు తీసి మళ్ళీ పెట్టేస్తా, ట్వీటర్ (ట్రెబుల్ ఇచ్చే చిన్న స్పీకర్) డోమ్ మీద ఎవరైనా వేలు పెట్టి నొక్కితే సొట్ట పడుతుంది మరి.