ఆ డబ్బా మీదేనా టీచర్?

ఫుడ్ బ్యాంక్ గురించి పాఠంలా చెబితే ఏడో తరగతి వాళ్లు ఆవలిస్తారని తెలుసు. అందుకే ఆటలు పెట్టాను. రాత్రి చాలాసేపు చీటీలు రాస్తూ కూర్చుంటే ఇంట్లోవాళ్లు నవ్వారు.

అది వండి వడ్డించే చోటు కాదనీ, మిగిలిన సరుకులు సేకరించి, ఏరి, కావలసినవాళ్లకు చేర్చే గిడ్డంగి లాంటిదనీ రెండు ముక్కల్లో చెప్పేశాను. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టాడంటే "బ్యాంకంటే వడ్డీ ఇస్తారా?" అన్నాడొకడు. నవ్వులు.

మొదటి ఆట రిలే. గుట్టలోంచి ఒక్కో వస్తువు తెచ్చి 'పంచొచ్చు', 'పారేయాలి' అన్న పెట్టెల్లో వెయ్యాలి. ఉబ్బిన టిన్ను, విప్పిన ప్యాకెట్ దగ్గర ఎవరూ తడబడలేదు. గొడవంతా తేదీల దగ్గరే. 'బెస్ట్ బిఫోర్' దాటితే రుచి తగ్గొచ్చు గాని పాడైపోయినట్టు కాదు, 'యూజ్ బై' దాటితే మాత్రం తినకూడదు. పెద్దవాళ్లమే ఈ రెండూ ఒకటనుకుంటాం. పసిపిల్లల పాలపొడికైతే తేదీ దాటిందా, ఇక మాట్లాడేదే లేదు. అది చెబుతుండగానే ఒకమ్మాయి డబ్బా ఎత్తి చూపించింది. "టీచర్, ఇది మీరు తెచ్చిందే కదా? పోయిన నెలకే అయిపోయింది." చెల్లి కూతురికి కొనగా మిగిలింది, చూడకుండా సంచిలో వేసేశాను. నా ముఖం చూడాల్సింది!

రెండో ఆటలో ఒక్కో జట్టుకీ ఒక ఇంటి చీటీ. 'ఇంట్లో పొయ్యి లేదు.' 'తాతయ్యకు షుగర్.' 'ఆరు నెలల పాప.' పెట్టెలో వచ్చినవాటితోనే రోజు గడపాలి. తాతయ్య జట్టుకి వచ్చినవన్నీ బిస్కెట్లు, జామ్. పొయ్యి లేని జట్టుకి నాలుగు టిన్నులు. ఒకటి తిప్పి తిప్పి చూసి, "దీన్ని దేంతో తెరవాలి టీచర్?" అన్నారు. నిజంగానే నాకు తట్టలేదు. లాగితే ఊడొచ్చే మూత ఉన్నవి తేవాల్సింది.

డబ్బు ఇస్తే ఫుడ్ బ్యాంకే లోటున్న సరుకు టోకున కొనుక్కుంటుందని చూపించే మూడో ఆట ఉంది. బెల్లు కొట్టేశారు. తాతయ్య జట్టు మాత్రం కదల్లేదు. జామ్ ఇచ్చి టిన్నులు తీసుకుంటామని పక్క జట్టుతో బేరం. అది నా రూల్స్‌లో లేదు, అయినా ఊరుకున్నాను.

ఇంటికొచ్చి వంటింటి అలమరలోవన్నీ దించి తేదీలు చూస్తున్నాను. ఇప్పటికి పై అర అయింది.