అల్‌హంబ్రా పక్షి టైల్: ఇంకు పని పూర్తి, రంగులు మొదలు

ఏ3 షీటు మొత్తం ఇంకులోకి వచ్చేసింది. స్పెయిన్‌లో గ్రనడా నగరంలోని అల్‌హంబ్రా కోటలో గోడల కింది భాగంలో కనిపించే టైల్ నమూనా ఇది. మూడు కొసలూ ఒకే వైపు వంగిన పక్షి ఆకారం. అక్కడ పజరీతా అంటారు, స్పానిష్‌లో చిన్న పక్షి అని.

గీయాలనుకునేవాళ్లు ముందు 2హెచ్ పెన్సిల్‌తో 3 సెం.మీ. సమబాహు త్రిభుజాల గళ్లు వేసుకోండి. వరసకీ వరసకీ మధ్య 2.6 సెం.మీ. ఉండాలి. పక్షి వచ్చేది 6 సెం.మీ. పెద్ద త్రిభుజంలో. దాని ప్రతి భుజంలో సగం బయటికి ఉబ్బాలి, మిగతా సగం లోపలికి వంగాలి, మూడు భుజాలకూ ఒకే తిరుగుడులో. కంపాస్ 3 సెం.మీ. దగ్గర బిగించాక మళ్లీ కదపక్కర్లేదు, ఎందుకంటే ప్రతి చాపానికీ కేంద్రం ఆ చిన్న గళ్ల మూలల్లోనే ఉంటుంది! ఇది చేత్తో గీస్తేనే తెలిసింది. ఎన్ని ఫొటోలు చూసినా తట్టలేదు.

అందుకే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఓవెన్ జోన్స్, ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ జూల్ గూరీల పని అంటే నాకంత గౌరవం. 1834లో ఇద్దరూ అల్‌హంబ్రాను కొలిచి గీయడం మొదలుపెట్టారు. ఆ ఆగస్టులోనే గూరీ కలరాతో అక్కడే చనిపోయాడు. జోన్స్ 1837లో మళ్లీ వెళ్లి పని కొనసాగించాడు. కంటితో చూసి గీసి ఊరుకోలేదు, గోడల మీది నగిషీలకు కాగితం అద్ది, ప్లాస్టర్ పోసి అచ్చులు తీశాడు. డ్రాఫ్ట్స్‌మన్ పనిలో అసలు నిజాయితీ అదేనని నా నమ్మకం. ఆ గీతలన్నీ 1836 నుంచి 1845 దాకా విడతలుగా పుస్తకంగా వచ్చాయి. అందులోని రంగుల పుటలను రాతి అచ్చు పద్ధతిలో వేశారు, ఒక్కో రంగుకి ఒక్కో రాయి కావాలి.

నేనూ రంగుకో ట్రేసింగ్ పేపర్ పెట్టుకున్నాను. ఒక రంగు షీటంతా వేసి, పూర్తిగా ఆరాకే రెండోది. తల పైకున్న పక్షి త్రిభుజాలన్నీ తెల్లగా వదిలేస్తే, కిందికి చూసేవాటికే రంగు పడుతుంది, ఒకే రంగువి పక్కపక్కన రావు. వాటర్‌ప్రూఫ్ ఇంకు తప్పనిసరి, లేకపోతే పోస్టర్ కలర్ తగలగానే గీత కరిగిపోతుంది.

గోడ పైభాగంలో ఎరుపు, నీలం, బంగారు రంగులు, కంటికి దగ్గరగా ఉండే కింది టైళ్లలో ఆకుపచ్చ, ఊదా, నారింజ అని జోన్స్ గమనించాడు. నాది కింది భాగమే కనుక ఆకుపచ్చతో మొదలుపెట్టాను. రెండు వరసలు అయ్యాయి, తర్వాత ఊదా.