నెట్రిన్, నేత, మా బాపు మగ్గం

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఈ వారం పాఠం పిండంలో మెదడు ఎదుగుదల. నిన్న సాయంత్రం కొత్తవాడ ఇంట్లో బాపు జంపఖానా నేస్తుంటే పక్కనే కూర్చుని చదువుకుంటూ "నెట్రిన్" అనే పేరు దగ్గర ఆగిపోయాను.

వేల కోడి పిండాల మెదళ్ల నుంచి ఈ ప్రోటీన్‌ను వేరుచేసి, 1994లో సంస్కృతంలోని "నేతృ" శబ్దంతో పేరు పెట్టారు. దారి చూపేది అని అర్థం. నాయకుణ్ణి నేత అంటున్నది ఆ మాటతోనే. బాపు చేసే నేత మాత్రం అచ్చ తెలుగుది, "నేయు" నుంచి వచ్చింది. వేరువేరు మాటలే అయినా, ఆ మగ్గం ముందు నాకు విడివిడిగా అనిపించలేదు.

మెదడు లోపలి గోడ దగ్గర పుట్టిన న్యూరాన్లు, అంటే నాడీకణాలు, పైపొరకు చేరాలి. లోగోడ నుంచి పైదాకా పడుగులా సాగిన గ్లియా అనే ఆసరా కణాల పోగులను పట్టుకుని ఎక్కుతాయి. ముందు పుట్టినవి కింద ఉండిపోతాయి, వెనక పుట్టినవి వాటిని దాటి పైన చేరతాయి. పైఅంచున ఉన్న కణాలు విడుదల చేసే రీలిన్ అనే ప్రోటీన్ లేకపోతే ఈ వరుస తారుమారవుతుంది. తూలుతూ నడిచే ఒక రకం ఎలుకల గురించి 1951లోనే రాశారు. ఆ తూలుడుకు కారణం రీలిన్ జన్యువులో లోపమని, ఆ జన్యువు 1995లో దొరికాక తెలిసింది.

కొన్ని న్యూరాన్లు పేకలా అడ్డంగా వెళతాయి. వెనుక మెదడు పైఅంచున పుట్టినవి కొన్ని ఉపరితలం వెంట నడుమగీత వైపు దిగివస్తాయి. అక్కడి నుంచి నెట్రిన్ పిలుస్తుంది. అది లేని ఎలుకల్లో అవి చేరవలసిన చోటు ఖాళీగా మిగిలింది. కణం మీద నెట్రిన్‌ను అందుకునే డీసీసీ అనే గ్రాహకం ఉంటే నెట్రిన్ దగ్గరికి లాగుతుంది, అన్‌క్5 అనే మరో గ్రాహకం ఉంటే దూరం నెడుతుంది. చదివిన ప్రతిసారీ నన్ను నిలబెట్టేసే సంగతి ఇదే.

బాపు ఎర్ర నూలును ఒక పోగు దగ్గర వెనక్కి తిప్పి, అక్కడి నుంచి నీలం అందుకున్నాడు. కళ్లు మగ్గం మీద లేవు.

"ఎక్కడ తిప్పాలో ఎలా తెలుస్తుంది బాపూ?"

"వేలికి తగులుతుంది బిడ్డా."

న్యూరానూ అంతే. ముందు సన్నని కొస చాచి తడుముతుంది, ఆ తర్వాతే కేంద్రకం ముందుకు జరుగుతుంది. ఇదంతా చెబితే శ్రద్ధగా విని, "ఇక్కడ పోగు తప్పితే విప్పి మళ్లీ నేస్తాను. అక్కడ తప్పితే?" అన్నాడు.

విప్పడం ఉండదని చెప్పాను. దారి తప్పిన కణాలు ఆగిన చోటే గుంపుగా ఉండిపోతాయి. కొందరికి మూర్ఛ వచ్చేది వాటి వల్లే.