మా జేజినాయన క్లారినెట్ వయసు

ప్రొద్దుటూరులో పెళ్లి ఊరేగింపులకూ దసరా ఉత్సవాలకూ బ్యాండు మేళంలో మా జేజినాయన వాయించిన క్లారినెట్, ఆయన పోయినప్పటి నుంచీ ట్రంకుపెట్టెలోనే ఉంది. అది నూరేళ్లు దాటిన నల్లచేవ కర్ర వాయిద్యమని మా ఇంట్లో అందరి నమ్మకం. పోయిన వేసవిలో దాన్ని ముక్కలుగా విడదీసి పరిశీలించాక, నూరేళ్లన్నదీ, కర్ర అన్నదీ రెండూ తప్పేనని తేలింది.

మేలైన క్లారినెట్లను ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అనే బరువైన నల్లకర్రతో చేస్తారు. కర్ర అయితే భూతద్దంలో సన్నని నారగీతలు కనబడాలి. దీని మీద ఒక్కటీ లేదు. పైగా ఏళ్ల తరబడి వెలుతురు తగిలిన మేర పచ్చదనం కలిసిన గోధుమరంగుకు తిరిగి, మీటల నీడలో ఉన్నచోట మాత్రమే అసలు నలుపు మిగిలింది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం వాసన వచ్చింది. అంటే ఇది ఎబొనైట్, గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. పాత ఫౌంటెన్ పెన్నులకు వాడిన సరుకే. కర్ర కాదని తెలిసి కాస్త చిన్నబోయాను గానీ, మా కడప జిల్లా ఎండలకు ఇన్నేళ్లూ చిన్న చీలికైనా రాకపోవడానికి కారణం అదే.

మీటలు జర్మన్ సిల్వర్‌వి. పేరుకే సిల్వర్, అందులో ఉండేది రాగి, నికెల్, తుత్తునాగం. మొత్తం 13 మీటలు, కింది ముక్క మీద వేలు ఆనే రంధ్రాల చుట్టూ 2 రింగులు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే, బోమ్ అనే మీటల అమరిక పద్ధతిలో 17 మీటలు, 6 రింగులు ఉంటాయి. దాన్ని పారిస్‌లో క్లారినెట్ విద్వాంసుడు క్లోజే, వాయిద్యాలు తయారుచేసే బఫే కలిసి 1839-1843 మధ్య రూపొందించారు. మాది అంతకన్నా పాతదైన, ఐవాన్ ముల్లర్ అనే క్లారినెట్ విద్వాంసుడి 13 మీటల నమూనా నుంచి వచ్చిన సింపుల్ సిస్టమ్. పద్ధతి పాతది గనుక వాయిద్యమూ అంత పాతదే అనుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు. బోమ్ వచ్చాక కూడా, ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం వరకు, ఈ రకాన్ని బ్యాండ్ల కోసం తయారుచేస్తూనే వచ్చారు. రింగు అడ్డులేని రంధ్రాన్ని వేలితో కొద్దికొద్దిగా తెరిస్తే స్వరం జారుతుంది గనుక, గమకం పలికించాలనుకునే మన వాయిద్యకారులకు అది అనువైనది కూడా.

వయసు తేల్చింది ముద్ర. పై ముక్క, కింది ముక్క, గంట (చివర వెడల్పుగా విచ్చుకునే భాగం) మూడింటిపైనా 'బూజీ అండ్ హాక్స్' అని ఉంది. లండన్‌లో బూజీ, హాక్స్ అనే రెండు వేర్వేరు కంపెనీలు 1930లో ఒక్కటయ్యాక పుట్టిన పేరది. కాబట్టి అంతకు ముందరిది కావడానికి వీల్లేదు. పై, కింది ముక్కల మీది తయారీ సంఖ్యలు ఒకదానితో ఒకటి కలిశాయి. బ్యారెల్, అంటే ఊదే భాగానికీ పై ముక్కకూ మధ్య ఉండే పొట్టి గొట్టం, దాని మీద మాత్రం ఏ ముద్రా లేదు, ఎప్పుడో మార్చినట్టున్నారు.

మీటల కింద రంధ్రాలను మూసే ప్యాడ్లు పురుగు తినేస్తే వాటిని మార్పించి, బ్యాండులో వాయించే మిత్రుడితో ఊదించి, ఫోనులోని ట్యూనర్‌తో శ్రుతి కూడా చూశాను. పాత బ్రిటిష్ సైనిక బ్యాండ్లు మధ్య స్థాయి 'ఎ' స్వరాన్ని సెకనుకు దాదాపు 452 కంపనాలకు పెట్టుకునేవి, అంటే నేటి 440 కన్నా సుమారు పావు స్వరం ఎక్కువ. మాది 440 దగ్గరే నిలిచింది, అంటే ఆ పాత శ్రుతికి చేసినది కాదు. బ్యారెల్ మారినందువల్ల వచ్చే తేడా అంత ఉండదు. మా నాయన పుట్టిన 1954లో జేజినాయన దీన్ని పాతదిగానే కొన్నారని అవ్వ చెబుతుంది. కాబట్టి ఇది 1930కీ 1954కీ మధ్య తయారైనది.