చెట్లు ఆగిపోయే ఎత్తులో ఏం చూడాలి

హిమాలయ ట్రెక్‌లో అందరి చూపూ శిఖరాల మీదే ఉంటుంది. చూడవలసినంత జీవం ఉండేది మాత్రం అడవి ఆగిపోయి గడ్డి మొదలయ్యే చోట. ఉత్తరాఖండ్‌లో అది రమారమి 3,500 మీటర్ల ఎత్తు.

ఆ హద్దు దగ్గరపడిందని భోజపత్ర చెట్టే చెబుతుంది. దాని తెల్లటి బెరడు కాగితంలా పొరలుగా ఊడుతుంటుంది. పక్కనే నేలబారు రోడోడెండ్రాన్ పొదలుంటాయి. చలికాలమంతా మంచు బరువు మోయడంతో వాటి కొమ్మలు వాలు వెంబడి పాకి, చివర్లో పైకి లేస్తాయి. ఆకు తిప్పితే అడుగున గోధుమరంగు నూగు కనిపిస్తుంది. ఎర్రపూల బురాన్ష్ కూడా రోడోడెండ్రానే, కానీ అది వేరే చెట్టు, ఇంకా కింది అడవులది.

ఇంకా పైకి, సిక్కుల గురుద్వారా ఉన్న హేమకుండ్ దారిలో, జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా బ్రహ్మకమలం పూస్తుంది. రాత్రిపూట కుండీల్లో విచ్చుకునే తెల్లపువ్వు ఇది కాదు, అది కాక్టస్ జాతి. ఇక్కడ లేత పసుపు రేకుల్లా ఉన్నవి నిజానికి పలచటి ఆకులు. ఊదారంగు చిన్నపూల గుత్తిని అవి చుట్టూ కప్పి ఉంచుతాయి. వెలుతురు లోపలికి పోతుంది, చలిగాలీ వానా బయటే ఆగుతాయి, అందుకే ఆ ఎత్తులోనూ పురుగులు లోపలికి చేరగలవు. దయచేసి కోయకండి. పూత మీద తెంపితే ఆ ఏడు గింజ పడదు.

గసగసాల జాతికి చెందిన నీలి పాపీకి ఆకుల మీదా కాడ మీదా ముళ్లుంటాయి, చేతులు దూరంగా పెట్టండి. టోపీ ఆకారపు నీలిపూలున్న అకోనైట్ వేరు నుంచి పువ్వు దాకా విషమే. తాకితే చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

జంతువుల విషయంలో గాలిని లెక్కలోకి తీసుకోవాలి. ఎండ ఎక్కాక గాలి లోయ నుంచి పైకి వీస్తుంది. మీరు కింది నుంచి ఎక్కుతుంటే మీ వాసన భరల్ అనే అడవి గొర్రెలకు ముందే అందుతుంది. తెల్లవారుజామున గాలి దిగువకు జారుతుంది కాబట్టి అప్పుడే బయల్దేరాలి. వాటి ఒళ్లు పలకరాయి రంగులో కలిసిపోతుంది, అందుకే రంగు కోసం వెతికితే దొరకవు. బైనాక్యులర్స్‌ను ఒకే వాలు మీద నిలిపి కదలిక కోసం చూడండి. కోడి జాతి పక్షి మోనాల్ కూడా ఆ వేళకే గడ్డిలోకి వచ్చి ముక్కుతో దుంపలు తవ్వుకుంటుంది. బెదిరితే ఈలలాంటి కూతతో లోయవైపు దూకుతుంది, అప్పుడు మగదాని వీపు మీద తెల్లమచ్చ మెరుస్తుంది.

రాళ్లగుట్టల్లో పైకాను ఎలుకనుకుని దాటేస్తారు. తోక లేని, గుండ్రటి చెవుల కుందేలు చుట్టం అది. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే మళ్లీ బయటికొస్తుంది. బిస్కెట్ మాత్రం పెట్టొద్దు.

పువ్వును ఒక్కదాన్నే ఫొటో తీస్తే జాతి తేలదు. మొక్క మొత్తం, కాండం, ఆకు రెండు వైపులా తీసి, ఎత్తు రాసుకోండి. వాయుపీడనంతో పనిచేసే వాచీ అయితే వాతావరణం మారినప్పుడు తప్పు ఎత్తు చూపిస్తుంది, ఎత్తు తెలిసిన శిబిరంలో రోజూ ఉదయం సరిచేసుకోవాలి.