నీ చేతులెట్లాడెనో!

మొన్న ఏకాదశి నాడు అక్క కొడుకుతో కలిసి ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి వెళ్లాను. వాడు ఇక్కడే చెన్నైలో లా చదువుతున్నాడు. క్యూలో నిలబడ్డంతసేపూ ఫోన్లో యుద్ధం వార్తలే.

"పిన్నీ, ఆసుపత్రుల మీద బాంబులేసిన సైన్యానికి ఇంక యుద్ధం చేసే హక్కెక్కడిది?" అన్నాడు.

గుళ్లో ఆ గొడవెందుకురా అనబోయి ఆగాను. ఆ మాట అడగడానికి ఇంతకంటే తగిన గుడి ఏది?

ఇక్కడ మూలమూర్తి వేంకటకృష్ణుడికి మీసాలు. ఉత్సవమూర్తి పార్థసారథికి ముఖం మీద మచ్చలు. అవి భీష్ముడి బాణాలు తగిలిన గాయాలంటారు. ఆ గాయాలు మండుతాయని నైవేద్యంలో మిరపకాయ, నూనె వాడరని కూడా చెబుతారు. హారతి పళ్లెం పైకి లేచినప్పుడు ఒక్క క్షణం ఆ గుంటల్లో నీడలు పడతాయి. నేను వెళ్లేది ఆ క్షణం కోసమే.

పోతన భాగవతంలో ద్రౌపది అశ్వత్థామను నిలదీసే పద్యం వాడికి చెప్పాను. "ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు" అని మొదలవుతుంది. నిద్రపోతున్న పిల్లల్ని చంపడానికి "నకటా! నీ చేతులెట్లాడెనో" అని ముగుస్తుంది. నా భర్తల మీద కత్తి ఎందుకెత్తావని ఆమె అడగలేదు. చచ్చినవాళ్లు ఎవరు, ఎక్కడున్నారు, చేతిలో ఏముంది, ఇంతే. వ్యాసుడి భారతంలో ఉపపాండవులు, అంటే ద్రౌపది కొడుకులు, యుద్ధం చేసినవాళ్లే, పోతన వాళ్లను పసివాళ్లను చేశాడు. ఎలా చూసినా నిద్రలో ఉన్నవాళ్లే కదా.

అశ్వత్థామకు పోరాడే హక్కు లేదా? ఉంది. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉండి కూడా అతణ్ణి సేనాపతిని చేశాడు. కృపాచార్యుడూ యుద్ధం మానుకోమనలేదు. ఈ రాత్రి పడుకో, పొద్దున మేమూ వస్తాం, ఎదురెదురుగా పోరాడదాం అన్నాడు. తెల్లారేదాకా ఆగి ఉంటే అది యుద్ధమే అయ్యేది.

పాండవుల మాటకొస్తే, అశ్వత్థామ చచ్చాడని ధర్మరాజు ద్రోణుడితో అన్నాడు, ఏనుగు మాట వినబడకుండా. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం కిందికి దిగింది. దిగిందేగానీ ఇంటికి మళ్లలేదు. రాజ్యం మీద హక్కూ పోలేదు. ఆ హక్కు అబద్ధాన్ని కడిగేయనూ లేదు. చివర్లో నరకం చూడాల్సి వచ్చినప్పుడు ఇంద్రుడు చెప్పిన కారణం అదే.

"యుద్ధంలో ఏం చేయకూడదో చెప్పే 1949 జెనీవా ఒప్పందాలూ అంతే పిన్నీ. న్యాయం ఎవరివైపుందని అడగవు, ఇద్దరికీ ఒకటే నియమం" అన్నాడు వాడు.

కానీ ఒకటుంది. అశ్వత్థామ ఉత్తర గర్భం మీద అస్త్రం వేశాక దాన్ని యుద్ధం అనలేను. అక్కడ గెలవాల్సిందేదీ లేదు, వంశం ఆరిపోవడమే కావాలి. చంపడమే పని అయినప్పుడు మాత్రం నీ ప్రశ్నకు జవాబు నువ్వన్నట్టే, ఆ హక్కు లేదు అన్నాను.

క్యూ కదిలింది. వాడు ఉత్సవమూర్తిని చూస్తూ, "మరి ఆ అబద్ధం చెప్పించింది ఈయనే కదా?" అన్నాడు.

"అవును. గాంధారి శపిస్తే చిరునవ్వుతో పుచ్చుకున్నాడు కూడా. తీర్థమిస్తున్నారు, చెయ్యి పట్టు."