యూరోపా పగుళ్లను వరుసపెట్టిన పని: నా అనుభవం

భూగర్భశాస్త్రంలో ప్రాజెక్టు కోసం నేను గురుగ్రహపు మంచు ఉపగ్రహం యూరోపాను ఎంచుకున్నాను. గెలీలియో వ్యోమనౌక తీసిన చిత్రాలను నాసా అందరికీ ఉచితంగా అందిస్తోంది కాబట్టి, వాటిని పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోకి తెచ్చుకుని, కనిపించిన ప్రతి పగులునూ గట్టునూ గీతగా గీసి, వాటి పుట్టుక క్రమాన్ని తేల్చాలనుకున్నాను. చిత్రాలను భూమికి పంపాల్సిన ఆ నౌక ప్రధాన యాంటెనా పూర్తిగా విచ్చుకోలేదు. అందువల్ల సూక్ష్మ వివరాలున్న చిత్రాలు కొద్ది ప్రాంతాలకే దొరుకుతాయి.

రెండు గట్లు కలిసేచోట, తెగకుండా సాగిపోయినదే కొత్తది. గీసే పనిలో ఎక్కువ కాలం ఈ కూడళ్లను పెద్దవి చేసి చూడటానికే పట్టింది. గట్ల ఎత్తును మాత్రం నీడ పొడవు, సూర్యుని కోణం తెలిస్తే త్వరగానే లెక్కకట్టవచ్చు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నవి విల్లులా వంగి, ఒకదాని కొసన మరొకటి గొలుసుగా సాగే పగుళ్లు. యూరోపా సుమారు 85 గంటలకొకసారి గురుగ్రహాన్ని చుట్టివస్తుంది. ఆ కక్ష్య పూర్తి వృత్తం కానందున గురుగ్రహపు ఆకర్షణ హెచ్చుతగ్గులై, మంచు పొర సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. లాగుడు బలం మంచు ఓర్వగల హద్దు దాటినప్పుడు పగులు మొదలై, మనిషి నడక వేగంతో ముందుకు పాకుతుంది; ఈలోగా ఆ బలం దిశ మారుతుండటంతో పగులు కూడా వంగుతుంది, బలం తగ్గగానే ఆగుతుంది, మరుసటి చుట్టులో కొత్త దిశలో మళ్లీ బయలుదేరుతుంది. అంటే ఒక్కో విల్లు ఒక్కో ప్రదక్షిణకు గుర్తు. 1999లో శాస్త్రవేత్త గ్రెగరీ హోపా బృందం ఇచ్చిన ఈ వివరణలో నాకు మరీ విలువైనదిగా తోచిన మాట ఇంకొకటుంది: మంచు పొర అడుగున సముద్రం లేకపోతే ఉపరితలం ఒక మీటరు మేర మాత్రమే పైకీ కిందకీ కదులుతుంది, అది ఇలాంటి పగుళ్లకు చాలదు, సముద్రం ఉంటే ఆ కదలిక సుమారు 30 మీటర్లు.

నడుమ లోయతో సమాంతరంగా సాగే జంట గట్ల విషయం ఇంత స్పష్టం కాదు. పగులు ఇరుపక్కలూ రాపిడికి వేడెక్కి పైకి ఉబ్బుతాయని కొందరు, లోతు తక్కువలో చేరిన నీరు గడ్డకడుతూ మంచును పైకి నెట్టిందని మరికొందరు వాదిస్తారు. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ మంచుపలకలో అచ్చం అలాంటి జంట గట్టు ఈ రెండో పద్ధతిలోనే ఏర్పడిందని రాడార్ ఆధారాలతో చూపారు కాబట్టి నా మొగ్గు అటే ఉంది. అయినా నివేదికలో రెండు వాదాలనూ పెట్టి, 2024లో బయలుదేరిన నాసా వ్యోమనౌక యూరోపా క్లిప్పర్‌లోని రాడార్ లోతు తక్కువలో ఉన్న నీటి కోసం వెతకదగిన గట్లను నా పటంలో విడిగా గుర్తించాను.